ఫిర్యాదు లేని అత్తగారు

ఆఫీసులో ఆమెని అందరూ అనుమానాలమ్మ అనేవాళ్ళు. ముఖాన కాదు, వెనక. ఆమెకీ తెలుసు. తెలిసీ ఊరుకుంది, పేరు నిజమే గనక.

చదువుకునేవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఫీజు సాయం దొంగల పాలు కాకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఎవడో ఒకడు చచ్చినవాడి పేరున కాలేజీలో చేరతాడు, బతికున్నవాడి పేరున వాడికే తెలియకుండా చేరతాడు, సాయం చేతికందగానే ఆవిరైపోతాడు. క్లాసులో బెంచీ ఖాళీ, ఖజానాకి చిల్లు. నిజంగా చదువుకునే పిల్లకి మాత్రం "నిధులైపోయాయి, వచ్చే ఏడు రా" అనే జవాబు. "దొంగ తిన్నది ప్రభుత్వం సొమ్మనుకుంటున్నారా? కాదు. ఆ పిల్ల ఏడాది తిన్నాడు!" ఈ మాట దగ్గరికొచ్చేసరికి అనుమానాలమ్మ టేబుల్ మీద గుద్దేది. పక్క సీటాయన ముందుజాగ్రత్తగా తన టీ గ్లాసు చేతిలోకి తీసుకునేవాడు.

ఆమె రాసిన బోర్డు ఆఫీసు గోడ మీదే కాదు, బస్సుల్లో, జిరాక్స్ షాపుల్లో కూడా వేలాడేది: "మీ గుర్తింపు కార్డు కాపీ ఎవరికీ ఊరికే ఇవ్వకండి. ఇస్తే, ఏ పనికోసమో దాని మీద అడ్డంగా రాసి ఇవ్వండి." ఆ బోర్డంటే ఆమెకి కన్నబిడ్డంత ముద్దు. రెండో బిడ్డ కూడా ఉంది. అనుమానం తగిలినవాళ్ళని అడిగే ప్రశ్నల వరస. పుట్టిన తేదీ ఏది, పాత చిరునామా ఏది, సంతకం మళ్ళీ పెట్టండి, ఇలాంటివి. అన్నీ ఆమే కూర్చింది. 

"ఈ ప్రశ్నలు దాటి దొంగనేవాడు పోలేడు" అనేది.

"దొంగ సంగతి దేవుడెరుగు మేడం, నిజమైనవాళ్ళే చెమటలు కక్కుతున్నారు" అనేవాడు పక్క సీటాయన.

ఆ మాట ఆమె ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. మనం కన్న బిడ్డ మెల్లకన్నుదని పక్కింటివాడు చెబితే మనం వింటామా?

ఒకరోజు పొద్దున్నే కంప్యూటర్ ఎర్రగా ఒక గీత గీసింది. ఒకే మనిషి, రెండు దరఖాస్తులు. ఒకటి ఎక్కడో దూరాన, ఇంట్లో కూర్చునే చదవగలిగే కాలేజీకి. రెండోది ఈ ఊళ్ళోనే, సాయంత్రం కాలేజీకి. దరఖాస్తుదారు ఆడమనిషి, రిటైరైన బస్సు కండక్టరు. అనుమానాలమ్మ చిరునామా చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది.

అది ఆమె ఇంటి చిరునామా. ఆ మనిషి ఆమె అత్తగారు.

అత్తగారిని వీధివాళ్ళు టికెట్టమ్మ అంటారు. సర్వీసంతా బస్సులో నిలబడి గడిపిన మనిషి. ఇప్పటికీ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే "జరగండి జరగండి, లోపలికి జరగండి" అంటుంది, గదిలో ఎవరూ లేకపోయినా సరే. కోడలు చేసిన ఏ పనికైనా ఒక వంక పెట్టనిదే ఆవిడకి పొద్దు గుంకదు. అన్నం మెత్తనైతే జావ అంటుంది, పలుకైతే రాళ్ళంటుంది, సరిగ్గా ఉడికితే "ఇవాళ ఎవరైనా వస్తున్నారా?" అంటుంది. కొడుకు ఈ ఇద్దరి మధ్యా పడలేక ఏరి కోరి రాత్రి డ్యూటీ వేయించుకున్నాడని లోకం అనుకుంటుంది. లోకం అప్పుడప్పుడూ నిజమే అనుకుంటుంది.

ఆ సాయంత్రం అనుమానాలమ్మ చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చింది.

"అత్తయ్యా, కొంపలంటుకున్నాయి. ఎవరో మీ పేరు దొంగిలించి ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టారు. అదీ ఒకటి కాదు, రెండు!"

"రెండేంటే? నేను పెట్టింది ఒకటేగా!"

అనేసి అత్తగారు నాలిక్కరుచుకుంది. కరుచుకుని లాభం లేదు, మాట బయటపడింది.

"మీరు పెట్టారా?"

"పెడితే?"

"సాయంత్రం పూట నడకకని వెళ్తున్నది..."

"నడిచే వెళ్తున్నాను కాలేజీకి. అబద్ధమేముంది అందులో?"

సంగతేమిటంటే, టికెట్టమ్మ న్యాయ సహాయకుల కోర్సులో చేరింది. కోర్టు మెట్లెక్కలేని బీదాబిక్కీకి అర్జీలు రాసిపెట్టడం, హక్కులు చెప్పడం నేర్పే చదువు. ఇంట్లో చెప్పలేదు. చెబితే కోడలు నవ్వుతుందని. "ఈ వయసులో బడిసంచీ ఏంటత్తయ్యా" అంటుందని. కోడలికి నవ్వు రాలేదు. కోపమొచ్చింది, చెప్పనందుకు. ఆ కోపం కింద ఇంకేదో మెత్తగా తగిలింది గానీ దాన్ని పైకి రానివ్వలేదు.

"సరే, ఒకటి మీది. రెండోది దొంగది. మీ కార్డు కాపీ ఎవరికైనా ఇచ్చారా?"

"ఎవరికి ఇవ్వలేదో అడుగు, తొందరగా తేలుతుంది."

అత్తగారు బీరువా మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. మూత తీస్తే నిండా కార్డు కాపీలు. ప్రతి దాని కిందా సంతకం, ముందే పెట్టి ఉంది. వీధిలో ఎవరికి అద్దె ఇల్లు కావాలన్నా, ఫోను కనెక్షన్ కావాలన్నా, పోయిన కాగితాలకి సాక్షి కావాలన్నా టికెట్టమ్మ దగ్గరికే వస్తారు. ప్రభుత్వ ఉద్యోగం చేసిన సంతకం, దానికో విలువుంది. ఆవిడ లేదనదు.

"గుమ్మంలో నిలబెట్టి సంతకం పెట్టేదాకా ఆగమనడం ఏం మర్యాద? అందుకని తీరిక ఉన్నప్పుడు పెట్టి ఉంచుతా. ఎవరైనా వచ్చారా, డబ్బా తీశామా, చేతిలో పెట్టామా, అంతే."

అనుమానాలమ్మ కుర్చీలో కూలబడింది. ఊరంతా బోర్డులు కట్టిన మనిషి ఇంట్లో, బీరువా మీద, బిస్కెట్ల డబ్బాలో! దీపం కింద చీకటంటే ఇదే. 

"అత్తయ్యా, ఊరందరికీ నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నది ఇదే కదా. నా బోర్డు ఎప్పుడైనా చదివారా?"

"చదివా. బస్సులో కనబడింది. అక్షరాలు మరీ చిన్నవి. వెనకసీటు వాళ్ళకి ఏం కనబడతాయి?"

నవ్వులాట పక్కన పెడితే, పీకల మీదికొచ్చిన సంగతి ఒకటుంది. ఒకే పేరున రెండు దరఖాస్తులుండి, విచారణలో ఏదీ తేలకపోతే ముందొచ్చినదే అసలుదని రూలు. ముందొచ్చింది దొంగది. నిజమైనది నకిలీ అని తేలితే ఫీజు సాయం పోతుంది, కాలేజీ పేరు కొట్టేస్తుంది, మళ్ళీ దరఖాస్తు పెట్టే దారి కూడా మూసుకుపోతుంది. ఈ రూలు ఎవడు రాశాడో గానీ, దొంగ ఎప్పుడూ ముందే లేస్తాడన్న ముక్క వాడికి తెలియదు.

మర్నాడు అనుమానాలమ్మ తిన్నగా పెద్దసారు గదికెళ్ళి, "సార్, ఇది మా అత్తగారి కేసు. నేను ముట్టుకోకూడదు" అని చెప్పేసింది. పెద్దసారుకి ఆఫీసు పెట్టుకున్న పేరు కొంచెమాగు సారు. ప్రతి మాటకీ ముందు ఆయన "కొంచెమాగండి" అంటాడు. ఇల్లు కాలుతున్నా అంటాడు.

"కొంచెమాగండి. చెప్పి మంచి పని చేశారు. విచారణ నేనే చేస్తా. ప్రశ్నలు మీవే గనక గదిలో ఉండి కంప్యూటర్ నడపండి. కానీ ఆవిడ మీ అత్తగారని మీ నోటి వెంట రాకూడదు. ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదు."

"ఊరంతా ఆవిడ మా అత్తగారంటే చెల్లుతుంది గానీ, నేనంటే చెల్లదా సార్?"

"చెల్లదు."

విచారణ రోజున టికెట్టమ్మ ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. దూరం కాలేజీ మనిషి రాలేదు. కాళ్ళ నొప్పులట. తెర మీద కనబడింది. అదే వయసు, నెరిసిన జుట్టు, పెద్ద కళ్ళజోడు, వెనక గుడ్డి వెలుతురు. కార్డు మీదున్న ఫోటో ఎప్పటిదో, మసకమసగ్గా ఉంది. దానికి భూమ్మీద ఏ పెద్దావిడైనా సరిపోతుంది.

"నమస్కారం సార్. నమస్కారం తల్లీ, భోంచేశావా? చిక్కిపోయి కనబడుతున్నావు, వేళకి తింటున్నావా?" అంది తెర మీదావిడ, అనుమానాలమ్మని చూసి.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినలేదు అనుమానాలమ్మ. తలుపు దగ్గర నిలబడ్డ పక్క సీటాయన చెవిలో ఊదాడు: "మేడం, ఆలోచించుకోండి. ఈవిడని ఉంచేసుకుంటే పోలా?"

"నోర్ముయ్యండి" అంది ఆమె పళ్ళ మధ్యనుంచి.

పెద్దసారు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పుట్టిన తేదీ?"

తెర మీదావిడ టకటకా చెప్పింది. తేదీ, నెల, సంవత్సరం, పొల్లుపోకుండా.

"మీరు చెప్పండమ్మా."

"ఏ తేదీ కావాలి నాయనా? నిజందా, కార్డుదా?" అంది టికెట్టమ్మ.

"కొంచెమాగండి. రెండున్నాయా?"

"కార్డుది బళ్ళో మాస్టారు పుట్టించిన తేదీ. ఆ రోజు చేరిన పిల్లలందరికీ ఒకటే రాసేశాడు, వేలు నొప్పెట్టి. మా అమ్మ నన్ను కన్నది మాత్రం వాననీళ్ళు ఇంట్లోకొచ్చిన రాత్రి. మంచం మీద నేను, మంచం కింద కప్పలు."

"కార్డుదే చెప్పండి."

"మాస్టారు కన్న తేదీ నాకెందుకు గుర్తుంటుంది?"

అనుమానాలమ్మ తల వంచుకుంది. మొదటి ప్రశ్న తన గొప్ప ప్రశ్న.

పాత చిరునామా. తెర మీదావిడ పిన్‌కోడుతో సహా అప్పజెప్పింది. టికెట్టమ్మ "డిపో వెనక, పచ్చ తలుపు. తలుపు ఇప్పుడు పచ్చగా ఉందో లేదో మరి" అంది. సంతకం. తెర మీదావిడ కాగితం మీద పెట్టి చూపించింది, కార్డు కాపీ మీదిదాన్ని అచ్చు గుద్దినట్టు. టికెట్టమ్మ మూడుసార్లు పెట్టింది, మూడు ముగ్గురు పెట్టినట్టున్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాడు పెద్దసారు.

"నేను సంతకం నేర్చుకుంది కదిలే బస్సులో. నేల కదలకపోతే నాకు చెయ్యి కుదరదు. ఈ కుర్చీని ఎవరైనా కాస్త ఊపండి, చూపిస్తా."

పక్క సీటాయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. అనుమానాలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. కళ్ళ ముందే తెలిసిపోతోంది, తన ప్రశ్నలన్నిటికీ జవాబులు కార్డు మీదున్నాయి. కార్డు ఎవడి చేతిలో ఉంటే వాడు నెగ్గుతాడు. దొంగ పనే కార్డుని బట్టీ పట్టడం. బతుకు బతికినవాళ్ళకి కార్డు బట్టీ పట్టే తీరికేదీ? నిజమైనవాళ్ళే చెమటలు కక్కుతున్నారన్న మాట ఇప్పుడు రెండో చెవిలోంచి వెనక్కొచ్చి లోపల కూర్చుంది. ఇదే గదిలోంచి ఎంతమంది నిజమైన మనుషులు దొంగల్లా తల దించుకుని పోయారో!

"కొంచెమాగండి" అంటూ పెద్దసారు పెన్ను తీశాడు. ఆ పెన్ను ఎటు వాలబోతోందో గోడలక్కూడా తెలుసు.

టికెట్టమ్మకీ తెలిసింది. లేచి నిలబడింది. చేతిసంచీ భుజాన వేసుకుంది.

"సరేలే. పోతే పోయింది. ఆ కాలేజీ మాత్రం ఏం గొప్ప? మెట్లెక్కేసరికి ప్రాణం నోట్లోకొస్తుంది, లిఫ్టుకి తాళమేసి ప్రిన్సిపాల్‌గారు ఒక్కరే ఎక్కుతారు..."

"ఏంటమ్మా?" అన్నాడు పెద్దసారు.

"ఏం లేదు" అంది ఆవిడ.

ఆ సణుగుడు వినగానే అనుమానాలమ్మ తలెత్తింది. ఇన్నేళ్ళుగా పొద్దున్నా సాయంత్రం విని విని చెవులు తూట్లు పడిన సణుగుడు అది. లోకంలో ఎవరూ దొంగిలించలేనిది, దొంగిలించాలని కోరుకోనిది!

"సార్, నేను సాక్ష్యం చెప్పను. ఒక ప్రశ్న చేర్చొచ్చా? ప్రశ్నలు రాసే పని నాదే కదా."

"కొంచెమాగండి." ఆయన నిజంగానే కొంచెం ఆగాడు. "ఇద్దరికీ ఒకటే అడగాలి."

"ఒకటే సార్." ఆమె తెర వైపు తిరిగింది. "అమ్మా, మీ కాలేజీ మీద ఒక ఫిర్యాదు చెప్పండి."

"ఫిర్యాదా? అయ్యో తల్లీ, బంగారం లాంటి కాలేజీ! ఏ లోటూ లేదు."

"ఒక్కటి. చిన్నదైనా సరే."

"ఏం చెప్పను? పంతుళ్ళందరూ మంచివాళ్ళే."

"పాఠాలు?"

"పాఠాలూ మంచివే."

"చదువు మొదలుపెట్టాక ఒక్కసారి కూడా విసుగు రాలేదా?"

తెర మీదావిడ కళ్ళు పక్కకి తిరిగాయి. అక్కడెవరో ఉన్నారు. గుసగుస వినబడింది. "ఫీజు... ఫీజు కొంచెం ఎక్కువ" అంది, అరువు తెచ్చుకున్న గొంతుతో.

"ఫీజు మేమే కదమ్మా కడుతున్నది!" అన్నాడు పెద్దసారు. అనేసి కుర్చీలో ముందుకి జరిగాడు.

ఇప్పుడు టికెట్టమ్మ వంతు. 

"ఒకటే చెప్పాలా?" అంది.

"మొదలుపెట్టండి" అన్నాడు పెద్దసారు. పాపం, ఆయనకి తెలియదు.

లిఫ్టు తాళం దగ్గర మొదలైంది. వెనక బెంచీకి ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టిన పుస్తకం కూడా లావు చాలదు. ఆస్తి హక్కుల పాఠం చెప్పే పంతులు బోర్డు మీద కుడిచేత్తో రాస్తూ ఎడమ మోచేత్తో చెరిపేస్తాడు, ఆయన ఎడమచెయ్యి అంత చదువుకున్నది ఈ ఊళ్ళో లేదు. మంచినీళ్ళ కుళాయి తిప్పితే నీళ్ళు రావు, శబ్దం వస్తుంది. పక్కనున్న పిల్ల పరీక్షలో తన జవాబు చూసి రాస్తుంది, రాయనీ పాపం, కానీ అక్షరాలు అర్థం కాలేదని తననే తిడుతుంది. కిటికీ రెక్క తాడుతో కట్టారు, ఆ ముడి వేసింది తనే, బస్సు టాపు మీద సామాన్లకి వేసే ముడి, అది గనక లేకపోతే...

"కొంచెమాగండి! కొంచెమాగండి!" జీవితంలో మొదటిసారి ఆయన ఆ మాట అవసరమై అన్నాడు. ఫోనందుకుని సాయంత్రం కాలేజీ ప్రిన్సిపాల్‌కి కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"సార్, మీ కాలేజీలో లిఫ్టుకి తాళమేస్తారా?"

అవతల ఒక పెద్ద నిట్టూర్పు. 

"అమ్మో! ఆవిడ మీదాకా కూడా వచ్చేసిందా? తీయిస్తానని చెప్పానండీ, రేపే తీయిస్తా! దయచేసి ఆవిణ్ణి క్లాసుకి పంపించండి, ఆవిడ రాకపోతే వెనక బెంచీలో ఒక్కరు కూడా కూర్చోవడం లేదు!"

తర్వాత దూరం కాలేజీకి ఫోను చేశారు. ఆ పేరుగల విద్యార్థిని ఎవరూ చూడలేదు, గొంతు వినలేదు, ఏ పరీక్షా రాయలేదు. ఇక్కడ ఫోను పెట్టి చూసేసరికి తెర నల్లగా ఉంది. కాళ్ళ నొప్పులావిడ ఎటో పరుగెత్తింది. ఆవిడే గొంతు మార్చి, కళ్ళజోళ్ళు మార్చి ఇంకా చాలామందికి అత్తగారుగా, అమ్మగా, అక్కగా తిరుగుతోందని తర్వాత పోలీసులు తేల్చారు. ఒక్కచోట కూడా ఒక్క ఫిర్యాదు చేయలేదట. అంత సుఖంగా చదువుకున్నవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరూ లేరు.

పెద్దసారు పెన్ను ఈసారి ఇటు వాలింది. టికెట్టమ్మ ఫీజు సాయం మంజూరైంది. 

మర్నాడు అనుమానాలమ్మ తన ప్రశ్నల వరస తనే అడ్డంగా కొట్టేసింది. రెండో బిడ్డకి మెల్లకన్నున్న మాట నిజమేనని పక్క సీటాయనతో ఒప్పుకుంది. "కార్డు మీద లేనిది అడగాలండీ. బతికినవాడికే తెలిసేది అడగాలి" అని టేబుల్ గుద్దింది. ఆయన గ్లాసు అందుకోవడం మరిచిపోయాడు, టీ ఒలికింది. వెనక్కి పంపేసిన పాత కేసులన్నీ ఆమె మళ్ళీ తెరిపించింది. బోర్డు మీద అక్షరాలు కూడా పెద్దవి చేయించింది. ఎందుకని అడిగితే, "వెనకసీటు వాళ్ళకి కనబడాలిగా" అంది.

అత్తగారికి మాత్రం శిక్ష వేసింది. పంచిన కాపీలన్నీ తిరిగి తేవాలి. టికెట్టమ్మ పాత విజిలు మెడలో వేసుకుని వీధిన పడింది. ప్రతి గుమ్మం ముందూ ఒక ఊదు ఊది, "కాపీ! కాపీ తీయండి! తీసుకోనివాళ్ళెవరు, తీసుకున్నవాళ్ళెవరు?" అని కేక. దొరికినవి చింపింది. కాపీ చేతిలో లేనివాళ్ళ చేత, దాన్ని ఏ పనికి వాడారో కాగితం మీద రాయించుకుంది, తేదీతో సహా. చదువు వంటబడుతోందన్నమాట.

ఆ రాత్రి ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మొదటి ముద్ద తింది. రెండో ముద్ద తింది. కూర కలుపుకుంది. మారు వడ్డించుకుంది. వంక పెట్టలేదు. అనుమానాలమ్మ ఎదురుచూసి ఎదురుచూసి ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎలా ఉందత్తయ్యా?"

"బాగుంది. ఏ లోటూ లేదు."

అనుమానాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తగారి మొహంలోకి పరీక్షగా చూసింది. నెమ్మదిగా చెయ్యి చాపింది.

"అత్తయ్యా, ఏదీ, కార్డు చూపించండి."

"ముందు నీది చూపించు" అంది టికెట్టమ్మ, మూడోసారి వడ్డించుకుంటూ. "ఇంత బాగా వండే కోడలు మా ఇంట్లో లేదు."